కోర్సుకు మార్కులు ఎవరు వేయాలి?

మా బడి ఉన్న గుంపులో సెల్లు సిగ్నల్ అందదు. ఊరి వెనక గుట్ట ఎక్కితే ఇప్పచెట్టు కింద ఒక బండ ఉంది. ఆ బండ మీద నిలబడితే రెండు గీతలు, కూర్చుంటే ఒక గీత. కరోనా తర్వాతి ఏడాది నేనూ, పక్క గుంపుల్లో పనిచేసే ఇంకో ముగ్గురు టీచర్లూ చాలా సాయంత్రాలు ఆ బండ మీదే గడిపాం. మాకు ఒక ఆన్‌లైన్ శిక్షణ వచ్చింది. ఫలానా తారీఖులోగా పూర్తి చేయకపోతే మన మండలం పేరు జాబితాలో కిందికి పోతుందని రోజూ వాట్సాప్‌లో మెసేజీలు. ఆ కోర్సులో ఒక పాఠం మాతృభాషలో బోధన గురించి.

పాఠం తెలుగులో ఉంది. మాట్లాడిన మేడం బాగానే మాట్లాడారు. బిడ్డ ఇంటి భాషను గౌరవించాలన్నారు, బడి భాషకు అది మెట్టు అన్నారు. కానీ పాఠం మొత్తంలో ఒక్క కోయ మాట వినబడలేదు. గోండి లేదు, సవర లేదు, కువి లేదు. కాసేపటికి నేను ఫోను బండ మీద పెట్టి, మూడో తరగతి నోటుబుక్కులు దిద్దుకుంటూ వీడియోను దాని దారిన దాన్ని నడవనిచ్చాను. చివర అడిగే ప్రశ్నలకు జవాబులు అప్పటికే గ్రూపులో తిరుగుతున్నాయి. ఒకటికి సి, రెండుకు ఎ, మూడుకు డి. నేనూ అవే నొక్కాను. నూటికి తొంభై వచ్చాయి. రంగుల ముద్రతో సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని ప్రింటు తీయించి ఫైలులో పెట్టుకోవాలి కాబట్టి మర్నాడు చింతూరు పోయి వచ్చాను. ఆ రోజు బడి పోయింది.

ఈ తప్పు నాది. ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇక్కడినుంచి నేను ఇతరుల లెక్కలను తప్పుపట్టబోతున్నాను. ఆ కోర్సు బాగా జరిగిందని పైకి వెళ్లిన అంకెల్లో నా తొంభై కూడా కలిసి ఉంది. నేను లెక్కలో ఉన్నాను. మా మూడో తరగతి పిల్లలు ఆ లెక్కలో ఎక్కడున్నారు?

ఆన్‌లైన్ చదువుకు లెక్క ఎలా కడుతున్నారో చూడండి. దేశంలోని బడులన్నిటి కోసం దీక్షా వేదికను 2017లో ప్రారంభించారు. టీచర్లకు నిష్ఠా శిక్షణ 2019లో ముఖాముఖి తరగతులుగా మొదలైంది. బడులు మూతపడ్డాక 2020 అక్టోబరులో అది దీక్షాలోకి ఎక్కింది. ఎలిమెంటరీ టీచర్లకు 18 మాడ్యూళ్లు. తర్వాత చిన్న తరగతుల చదువు, లెక్కల పునాది కోసం ఇంకో 12. వీటి గురించి వచ్చే ప్రకటనల్లో మనకు కనబడే అంకెలు ఎప్పుడూ ఒకే రకం. ఎందరు చేరారు, ఎందరు పూర్తి చేశారు, ఎన్ని లక్షల సర్టిఫికెట్లు ఇచ్చారు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబ్‌లు ఇచ్చినప్పుడూ అంతే. ఎన్ని లక్షల ట్యాబ్‌లు పంచారో పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది. ట్యాబ్ పట్టుకున్న కొండరెడ్డి పిల్లకు ఏ పాఠం అర్థమైంది, ఏది కాలేదు అన్నది మాత్రం నేను ఏ పేపర్లోనూ చదవలేదు. యంత్రం తనంతట తాను ఏది లెక్కపెట్టగలదో అదే విజయం అయి కూర్చుంది.

శిక్షణను ఎలా కొలవాలన్నది కొత్త ప్రశ్నేమీ కాదు. అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లోనే దీనికి నాలుగు మెట్లు చెప్పాడు. శిక్షణ తీసుకున్నవాడికి అది నచ్చిందా అన్నది మొదటి మెట్టు. అతనికి ఏమైనా వచ్చిందా అన్నది రెండోది. తిరిగి పనిలోకి వెళ్లాక అతని పనిలో తేడా వచ్చిందా అన్నది మూడోది. ఆ తేడా వల్ల చివరికి ఫలితం మారిందా అన్నది నాలుగోది. ఆయన ఉద్యోగులకిచ్చే శిక్షణను మనసులో పెట్టుకుని చెప్పాడు గానీ బడికీ సరిగ్గా సరిపోతుంది. మన కోర్సులు మొదటి రెండు మెట్ల మీదే చతికిలబడ్డాయి. ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని అడుగుతాయి, అది మొదటి మెట్టు. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కమంటాయి, అది రెండో మెట్టు. నాలాంటివాడు జవాబులు చూసి నొక్కితే ఆ రెండో మెట్టు కూడా దక్కనట్టే. మూడో మెట్టు ఎక్కాలంటే ఎవరో ఒకరు వచ్చి మా తరగతిలో ఒక పూట కూర్చోవాలి. దానికి జీపు కావాలి, తీరిక కావాలి, వాగు దాటాలి. సర్వరు వాగు దాటదు.

లెక్క తప్పితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందో మనకు తెలుసు. 2017లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, శిక్షణ లేకుండా పనిచేస్తున్న టీచర్లందరూ 2019 మార్చి 31లోగా అర్హత తెచ్చుకోవాలన్నారు. వారికోసం జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ 18 నెలల డీఎల్‌ఎడ్ పెట్టింది. పాఠాలు స్వయం పోర్టల్‌లో, టీవీ చానల్లో. కొన్ని తరగతులు స్టడీ సెంటర్లో. ఇవాళ బ్లెండెడ్ అని మనం వింటున్నది అదే. దేశం మొత్తం మీద పది లక్షలకు పైగా టీచర్లు చేరారు. ఫీజులు కట్టారు, పరీక్షలు రాశారు. ఆ 18 నెలల డిప్లొమా కొత్త నియామకాలకు రెండేళ్ల డిప్లొమాతో సమానం కాదని 2023 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే ఉద్యోగంలో ఉండి చదివినవారి విషయంలో తర్వాత వివరణ వచ్చింది, కొంత ఊరట దొరికింది. అయినా చూడండి, కోర్సు విలువ ఏమిటన్న ప్రశ్న జనం చేరకముందు తేలాలి. ఇక్కడ అది వాళ్లు చదివి, పాసై, ఇంట్లో సర్టిఫికెట్ పెట్టుకున్న నాలుగేళ్లకు కోర్టులో తేలింది.

డిగ్రీయో డిప్లొమాయో ఆన్‌లైన్‌లో చేద్దామనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ఈ చదువు ఏ ఉద్యోగానికి చెల్లుతుంది, ఎవరి గుర్తింపు ఉంది అన్నది ఫీజు కట్టకముందు కాగితం మీద అడగండి. ఫోన్లో తీయగా మాట్లాడే కౌన్సెలరు మాట లెక్కలోకి రాదు.

ఇప్పుడు మా నాలుగో తరగతి పిల్ల సంగతి చెప్తాను. పేరు చెప్పను. ఒక రోజు బయటినుంచి కొందరు వచ్చి ట్యాబ్‌లో పిల్లల లెక్కల స్థాయి చూశారు. ట్యాబ్‌లోంచి ఒక గొంతు, ఒక్కొక్క పెట్టెలో 50 చాక్లెట్ల చొప్పున 4 పెట్టెల్లో మొత్తం ఎన్ని అని అడిగింది. పిల్ల తెర వంక చూసింది, నా వంక చూసింది. తెర మీద గడియారం తిరిగిపోయి ఎర్ర గుర్తు పడింది. ఇంకో ప్రశ్న లిఫ్టు ఎక్కి దిగే మనిషి గురించి. దానికీ ఎర్ర గుర్తే. చివర్న ఆ పిల్ల రెండో తరగతి స్థాయిలో కూడా లేదని వచ్చింది. వచ్చినవాళ్లు మంచివాళ్లే, బాధపడ్డారు కూడా. ఈ పిల్లకు అదనంగా వీడియోలు చూపించండి సార్ అని చెప్పి వెళ్లారు.

ఈ పిల్లను నేను మే నెలలో తునికాకు కల్లంలో చూశాను. కట్టకు 50 ఆకులు. తల్లి ఆకు కోసుకొస్తే ఈ పిల్ల ఆకు మీద ఆకు పేర్చి, లెక్కపెట్టి, నారతో కడుతుంది. కల్లంలో కట్టలు వరసగా పేరుస్తారు. ఎన్ని కట్టలకు ఎంత డబ్బు రావాలో ఈ పిల్లకు తెలుసు. కల్లేదారు రెండు కట్టలు తక్కువ రాసుకుంటే తల్లి చెవిలో చెప్పేది ఇదే. మరి 50 పెట్టి 4 సార్లు అంటే ఎందుకు నోరు తెరవలేదు? మర్నాడు నేను కోయలో అడిగాను, నాలుగు కట్టల్లో ఎన్ని ఆకులు అని. నా మాట పూర్తి కాకముందే రెండొందలు అంది. నవ్వింది కూడా, ఇది కూడా అడుగుతారా అన్నట్టు.

అది తునికాకు కాలం కాదు. మోదుగాకులు కోయించి తెచ్చి తరగతిలో కట్టలు కట్టించాను. 50 ఆకుల కట్టలు, పది ఆకుల కట్టలు, విడి ఆకులు. ఆ పిల్లే ఇంకో ముగ్గురికి చూపించింది. రెండు రోజులు ఆ ఆట అయ్యాక నా ఫోన్లో దించుకున్న గుణకారం వీడియో పెట్టాను. అప్పుడు అదే పెట్టె, అదే చాక్లెట్లు అర్థమయ్యాయి. పెట్టె అంటే కట్ట సారూ అని ఒకడు అరిచాడు. వీడియో చెడ్డది కాదు. కానీ దాని వంతు మూడోసారి వచ్చింది. ముందు వచ్చి ఉంటే ఎర్ర గుర్తే. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆ పిల్లను కల్లంలో చూసినవాడికి తెలుస్తుంది.

ఇలాంటివి రోజూ ఉంటాయి. తెలుగు వాచకంలో ఏరు అన్న మాట వస్తే మైదానం పిల్లకు పారే వాగు కనబడుతుంది. మా మాటలో ఏర్ అంటే నీళ్లు. కుండలో ఉన్నా ఏరే. నన్న అంటే నేను. బడికి కొత్తగా వచ్చిన పిల్లవాడికి మీసాల మనిషి బొమ్మ చూపించి నాన్న అని పలికిస్తే వాడు ఒక్క క్షణం తికమకపడతాడు. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకునేవాడు గదిలో ఉండాలి. రికార్డు చేసిన గొంతు ఆ క్షణం ఆగదు, ముందుకు పోతుంది.

ఇక టీచరు పాత్ర మారుతోంది అన్న మాట. శిక్షణల్లో ఇది చాలాసార్లు విన్నాను. టీచరు ఇకమీదట జ్ఞానం ఇచ్చేవాడు కాదట, ఫెసిలిటేటరట. వేదిక దిగి పిల్లల పక్కన నిలబడాలట. వినడానికి బాగుంటుంది. కానీ ఏజెన్సీలో మేము వేదిక ఎప్పుడు ఎక్కాం? ఒకే గది, ఐదు తరగతులు, ఒక టీచరు. ఒక మూల ఒకటో తరగతి వాళ్లు బలపాలతో దిద్దుతుంటే, ఇంకో మూల ఐదో తరగతి వాళ్లు భాగహారం చేస్తారు. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్తారు. మధ్యలో జ్వరం వచ్చినవాడిని భుజాన వేసుకుని పీహెచ్‌సీకి పోతాం. పిల్లల పక్కన నిలబడడం మాకు కొత్తగా నేర్పక్కర్లేదు, మాకు తెలిసింది అదొక్కటే.

నిజానికి మారిన పాత్ర వేరు. ఫోటో తీసి ఎక్కించేవాడు. ముఖం చూపించి హాజరు వేసుకునేవాడు. ట్యాబ్‌లు ఛార్జింగు పెట్టేవాడు. ఎవరో ఎక్కడో చెప్పిన పాఠం ఆడుతుంటే పిల్లలు కదలకుండా చూసేవాడు. ఎందరు చూశారో రాసి పంపేవాడు. పిల్లను ఎరిగినవాడు మెల్లమెల్లగా అంకెలు కాపలా కాసేవాడు అవుతున్నాడు. దీన్ని ఫెసిలిటేటర్ అంటే నాకు అభ్యంతరం. పాత తెలుగులో దీనికి గుమాస్తా అనే మాట ఉంది.

దీని వెనక ఇంకో సంగతి ఉంది, మన కుర్రవాళ్లు మరిచిపోకూడనిది. ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. ఐదో షెడ్యూలు కింద గవర్నరుకు ఉన్న అధికారంతో ఇచ్చిన జీవో అది. ఆ ధైర్యంతోనే మా తరం వాళ్లు చాలామంది డైట్ కాలేజీకి వెళ్లారు, నేనూ వెళ్లాను. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ నూరు శాతం చెల్లదంది. అప్పటికి లాక్‌డౌన్, బడులకు తాళాలు. అదే వేసవిలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు మొదలయ్యాయి. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో తరగతులు. ఒకటి చేసినవాళ్లే రెండోదీ పథకం ప్రకారం చేశారని నేను అనను, అది అబద్ధం. కానీ రెండూ కలిసి ఒకే ఆలోచనను మన మధ్యకు తెచ్చాయి. ఏజెన్సీ బడికి పాఠం ఎక్కడినుంచైనా రావచ్చు, చెప్పేవాడు ఎక్కడివాడైనా కావచ్చు, పిల్ల భాష తెలియకపోయినా ఫర్వాలేదు, తెర ఉంది కదా అని. రేపు ఎవరైనా, ఆ గుంపులో పదిహేనుమంది పిల్లలే ఉన్నారు, వాళ్లకు టీచరెందుకు, ఒక ట్యాబూ ఒక వాలంటీరూ చాలు అంటే, ఆ మాటకు కావలసిన అంకెలు మనమే గుట్టెక్కి నొక్కి పంపి ఉంటాం. నా తొంభై అందులో ఉంటుంది.

ఈ మాటలు మా ఊరి కుర్రవాడితో అంటే వాడు ఊరుకోలేదు. డీఎడ్ చేసి డీఎస్సీకి చదువుతున్నాడు. అన్నా, నువ్వు ఉద్యోగంలో ఉన్నావు కాబట్టి ఇలా మాట్లాడుతున్నావు అన్నాడు. కోచింగుకు రాజమండ్రి పోతే నెలకు గదికీ కూటికీ ఎంతవుతుందో తెలుసా, యూట్యూబ్ లేకపోతే నేను సైకాలజీ ఎక్కడ చదివేవాణ్ణి అన్నాడు. వాడి మాట నిజం. ఎండాకాలం రాత్రిళ్లు గుట్ట మీద ఫోను వెలుగులో కూర్చుని నోట్సు రాసుకున్న వాణ్ణి నేను చూశాను. దూరం వల్ల, డబ్బు లేక చదువు ఆగిపోయిన వాళ్లకు ఆన్‌లైన్ ఒక దారి తెరిచింది. దాన్ని కాదనేవాడు మన మేలు కోరేవాడు కాడు. కానీ తమ్ముడా, నీకు ఇరవై నాలుగేళ్లు. తెలుగు నీకు వచ్చేసింది. నీకు ఏం కావాలో నీకు తెలుసు, అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకుని మళ్లీ చూస్తావు. ఎనిమిదేళ్ల పిల్ల వెనక్కి తిప్పుకోదు, తనకే రాదు అనుకుని లేచి పోతుంది. నువ్వూ ఆ పిల్లా ఒకే బటన్ నొక్కారు కాబట్టి ఇద్దరికీ ఒకే చదువు అందిందని కాగితం మీద రాస్తున్నారు. నా కోపం దాని మీద.

మిశ్రమ బోధన గురించి కూడా ఇలాంటి పొరపాటే. యూజీసీ 2021లో ఒక పత్రం విడుదల చేసి, కాలేజీల్లో ఏ కోర్సయినా 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పవచ్చంది. ముఖాముఖి కంటే రెండూ కలిపితే మంచి ఫలితాలు వస్తాయని చెప్పేవాళ్లు తరచుగా అమెరికా విద్యాశాఖ 2010లో ప్రచురించిన ఒక విశ్లేషణను చూపిస్తారు. అనేక అధ్యయనాలను పోగేసి చూసిన పని అది. కలిపి చెప్పినచోట ఫలితం మెరుగ్గా ఉన్న మాట నిజమే. కానీ అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. అలా కలిపినచోట పిల్లలు చదువు మీద గడిపిన సమయం కూడా తరచుగా ఎక్కువే, అదనపు పాఠ్య సామగ్రీ ఉంది, కాబట్టి మేలంతా తెర వల్లనే జరిగిందని అనుకోవద్దు అని. పైగా ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం పెద్దవాళ్ల చదువుల మీద చేసినవి, బడి పిల్లల మీద చేసినవి చాలా కొద్ది. మన దగ్గర కలపడమంటే సమయం పెంచడం కాదు, టీచరు గంటను తీసి వీడియో గంట పెట్టడం. కూరలో ఉప్పు కలపడం వేరు, కూర తీసేసి ఉప్పు పెట్టడం వేరు.

మేము కలిపి చూసిన ఒక పద్ధతి చెప్తాను. గుట్ట మీద కూర్చున్న ఆ నలుగురమే రెండేళ్లుగా నెలకోసారి, రెండో శనివారం, ఒక్కోసారి ఒక్కో బడిలో కలుస్తున్నాం. ఎవరూ చెప్పలేదు, టీఏ లేదు. ముందుగా దించుకున్న పాఠం ఒకటి పది పదిహేను నిమిషాలు చూస్తాం. తర్వాత ఆ గుంపు పిల్లలను పిలిచి ఒకరు అదే పాఠం చెప్తారు, ముగ్గురం వెనక కూర్చుని చూస్తాం. టీచరును చూడం, పిల్లల్లో ఎవరి ముఖం ఎప్పుడు వాడిపోయిందో రాసుకుంటాం. తర్వాత పోట్లాడుకుంటాం. మొదటి నెలల్లో చాలా ఇబ్బందిగా ఉండేది. నువ్వు కోయలో చెప్పావు కాబట్టి అర్థమైంది, రేపు ఐదో తరగతిలో తెలుగు ఎలా వస్తుంది అని ఒకరు. తెలుగులోనే చెప్పి నాలుగేళ్లు ఏం సాధించాం అని ఇంకొకరు. ఈ తగువు ఇంకా తెగలేదు. కానీ ఒక నోటుబుక్కు నిండింది. ఏ వీడియో పనికొచ్చింది, ఏది రాలేదు, ఏ మాట దగ్గర పిల్లలు ఆగారు, దాని బదులు ఏం వాడాం అన్నీ అందులో ఉన్నాయి. ముసలమ్మల దగ్గర ఫోన్లో రికార్డు చేసిన కథలు పద్నాలుగు ఉన్నాయి. వాటిని వినిపిస్తే ఒకటో తరగతి పిల్లలు ఏడుపు మానేస్తారు. ఫోనే కదా అది కూడా.

ఇది మేమేదో కొత్తగా కనిపెట్టింది కాదు. కుమ్రం భీమ్ పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వ కాలంలో, 1943లో, ఆదిలాబాదు అడవుల్లోని మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ ఆధ్వర్యంలో గోండు యువకులకు టీచరు శిక్షణ మొదలైంది. శిక్షణ ఊళ్లోనే, నేర్చుకునేవాళ్లు గోండులే, వాచకాలు గోండిలో. శిక్షణ ఎలా జరిగిందో తెలుసుకోవడానికి ఎవరూ నక్షత్రాలు అడగనక్కర్లేదు. ఆ కుర్రవాళ్లు తమ జనం మధ్యకు వెళ్లి బడులు తెరిచారు, అదే దానికి కొలత. తర్వాత 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, లంబాడీ ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టినప్పుడు, ఆ భాషలు మాట్లాడే టీచర్లనే కూర్చోబెట్టి పుస్తకాలు రాయించారు. ఆ పుస్తకాలు ఇప్పటికీ కొన్ని బడుల బీరువాల్లో దొరుకుతాయి. వెతకండి. చెదలు తినకముందు ఫోన్లో ఫోటోలు తీసి దాచండి.

కాబట్టి నా వాదన ఇది. మనం శిక్షణలు మానేయవద్దు, యాపులు తీసేయవద్దు. కోర్సు మనకు మార్కులు వేస్తోంది, కోర్సుకు మార్కులు మనం వేయాలి. కోర్సు తయారుచేసేవాళ్లు దాన్ని విడుదల చేయకముందు ఏజెన్సీలో ఒక ఏకోపాధ్యాయ బడికి తెచ్చి, పిల్లల ముందు పెట్టి చూడాలి. పూర్తయిన మూడు నెలలకు మళ్లీ రావాలి, సర్టిఫికెట్ అడగకుండా పాఠం చూపించమనాలి. శిక్షణ బడి వేళల్లోనే జరగాలి, ఆ రోజు పిల్లలకు ఇంకో టీచరును పంపాలి. మా రాత్రిళ్లూ మా డేటా ఖర్చూ లెక్కలో లేకుండా కోర్సు చవకగా జరిగిందని ఎవరూ చెప్పుకోకూడదు. కోయ పిల్లల కోసం చేసిన కోర్సులో కోయ మాట్లాడే మనిషి కనీసం ఒకరు పాఠం రాసేచోట ఉండాలి, అనువదించేచోట కాదు. ఇవేవీ పెద్ద కోరికలు కావు. అయినా జరగవు, మనం అడిగితే తప్ప.

అడగాలంటే మన చేతులు కూడా శుభ్రంగా ఉండాలి. గ్రూపులో జవాబులు పంపడం, చూసి నొక్కడం మనం మానాలి. రాకపోతే రాలేదని నొక్కుదాం. జాబితాలో మండలం కిందికి పోతే పోనీయండి, మన పిల్లల చదువు ఎప్పటినుంచో ఆ కిందే ఉంది, కనీసం అప్పుడైనా కాగితం మీద కనబడుతుంది. ఈ మాట అన్నందుకు మా గ్రూపులో నన్ను రెండు వారాలు ఎవరూ పలకరించలేదు.

ఈ ఏడాది మళ్లీ ఒక కోర్సు వచ్చింది. చివర్న అభిప్రాయం చెప్పమని అడిగింది. ఐదు నక్షత్రాలు ఉన్నాయి, రాయడానికి చోటు లేదు. ఒక్క నక్షత్రమూ నొక్కకుండా మూసేశాను. మా నోటుబుక్కులోంచి ఆరు పేజీలు తిరగరాసి, కోర్సు తయారుచేసినవాళ్ల చిరునామా వెతికి పోస్టులో పంపాను. ఏ పాఠంలో ఏ మాట దగ్గర మా పిల్లలు ఆగిపోయారో రాశాను. చివర్న దారి కూడా రాశాను. చింతూరులో బస్సు దిగి ఆటో మాట్లాడుకుంటే వాగు దాకా వస్తుంది, అక్కడినుంచి నడక, దారి అడిగితే ఎవరైనా చూపిస్తారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల వస్తే మంచిది. మార్చి దాటితే పిల్లలు ఇప్పపువ్వుకు పోతారు, జూలై దాటితే వాగు దాటలేరు.